కోరమాండల్ స్క్రీన్లు మన తీరంలో చేసినవి కావండీ

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ పేజీలో మడత స్క్రీన్ల మీద వేసిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి. హాల్లో సోఫాకీ భోజనాల బల్లకీ మధ్య గోడ కట్టేకంటే స్క్రీన్ పెట్టుకుంటే గాలి ఆడుతుంది, కావాలంటే మడిచి పక్కన పెట్టెయ్యొచ్చు అన్న మాటా నిజమే. కానీ కోరమాండల్ స్క్రీన్లంటే (కోరమాండల్ అంటే ఐరోపావాళ్లు మన తూర్పు తీరానికి పెట్టిన పేరు) మన తీరంలో మన పనివాళ్లు చేసి ఓడల్లో ఐరోపాకి పంపినవి అని రాసేశారు చూడండి, అది మాత్రం తప్పు. ఏదో పత్రికలో ఒక లైను, పోనీలే అని ఊరుకునేవాణ్ణే గానీ, మా వైపు పాత సామాను కొని అమ్మే కొందరు ఆ పేజీని ఫోన్లో పెట్టుకుని తిరుగుతున్నారు. ఎక్కడో దొరికిన నల్ల స్క్రీన్‌ని చూపించి, ఇది డచ్చివాళ్ల కాలం నాటిది, పాలకొల్లులోనే చేశారు, పేపర్లో కూడా వేశారు కావాలంటే చూడండి అని కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లకి అంటగడుతున్నారు. మీ పేరు చెప్పి బేరాలు జరుగుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం.

నేను పాలకొల్లులో పాత చెక్క సామాను బాగుచేసే పనిలో ఉన్నాను. పందిరి మంచాలు, భోషాణాలు, అద్దాల బీరువాలు, ఉయ్యాల బల్లలు, ఇటు నర్సాపురం నుంచి అటు రాజోలు, అమలాపురం దాకా ఎక్కడ మండువా లోగిలి పడగొట్టినా ఏదో ఒకటి మా షెడ్డుకి చేరుతుంది. స్క్రీన్లు తక్కువే వస్తాయి, నిజానికి మనవాళ్లకి మడత స్క్రీన్ అంటే డాక్టరు గారి గదిలో ఆకుపచ్చ గుడ్డ కట్టిన ఇనప ఫ్రేమే ముందు గుర్తొస్తుంది. అయినా వచ్చినప్పుడల్లా వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోక తప్పదు, లేకపోతే చెయ్యి పెట్టి ఉన్నది కాస్తా పాడుచేస్తాం.

ఆ స్క్రీన్లు చేసింది చైనాలో. 17వ శతాబ్దం రెండో సగంలో, ముఖ్యంగా 1661 నుంచి 1722 దాకా ఏలిన కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో ఆ పని అక్కడ జోరుగా నడిచింది. పెద్ద హోదాలో ఉన్న ఉద్యోగి పుట్టినరోజులాంటి సందర్భాలకి బంధువులూ కింద పనిచేసేవాళ్లూ కలిసి ఇచ్చే ఖరీదైన కానుక అది. ఎక్కువగా పన్నెండు రెక్కలు, పెద్దవైతే ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు, అన్నీ పరిస్తే ఒక గది గోడంత. ముందువైపు రాజభవనంలో ఆడవాళ్లు, తోటలు, చెరువులు, గుర్రాలు. వెనకవైపు చాలావాటి మీద ఆ పెద్దమనిషిని పొగుడుతూ రాసి, ఎవరు ఎప్పుడు ఇచ్చారో కూడా వేసేవాళ్లు. అందుకే కొన్నింటి వయసు ఎవరూ ఊహించక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

అవి ఐరోపాకి వెళ్లింది డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడల్లో. జావాలో బంటం, బటావియా రేవులు, తర్వాత మన తీరపు రేవులు, అక్కణ్ణించి పడమటికి. మొదట్లో ఇంగ్లండులో వాటిని బంటం పని అనే పిలిచారు, కోరమాండల్ అన్న పేరు తర్వాత అతుక్కుంది. కాకినాడ రేవులో దిగిన సరుకుని కాకినాడ సరుకన్నట్టు అన్నమాట, రెండు పేర్లూ దారిలో ఉన్న చోట్లవే. మీ వ్యాసంలో ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ కోకో షానెల్ గురించి రాసింది మాత్రం ఒప్పే. పారిస్‌లో రూ కాంబోన్ 31 నంబరులో ఆవిడ వాటిని గోడలకి ఆనించి పరిచేసుకుంది. ఆవిడ దగ్గరున్నవీ చైనావే.

మరి డచ్చివాళ్లు ఇక్కడికెందుకొచ్చారంటే బట్టల కోసం. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605లో దిగారు, ఇంగ్లీషువాళ్లు 1611లో. అక్కణ్ణించి డెల్టాలోకి పాకారు. మా పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం డచ్చివాళ్లవి, నర్సాపురం పక్కన మాధవాయిపాలెం, అటు బండమూర్లంక, ఇంజరం ఇంగ్లీషువాళ్లవి, యానాం సంగతి చెప్పక్కర్లేదు. మాధవాయిపాలెం పేరుతోనే మాదపొల్లం అని ఒక నూలు బట్ట ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 1825లో డచ్చివాళ్లు వాళ్ల కొట్లన్నీ ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయారు, మా ఊళ్లో వాళ్ల సమాధులు మిగిలాయి. ఇంత చరిత్ర ఉండగా లేనిది తగిలించుకోవడం ఎందుకు?

మన తీరం గొప్ప చెప్పుకోవాలనుకుంటే దానికి అసలైన వస్తువు వేరే ఉంది, మీరు దాని మీద ఒక పేజీ వేస్తే సంతోషిస్తాను. చైనోయిజరీ అంటే చైనా సరుకు కాదు, చైనా సరుకు చూసి మోజుపడిన బయటివాళ్లు ఆ తరహాలో చేసిందీ చేయించుకున్నదీ. ఆ లెక్కన మన తీరపు చైనోయిజరీ చెక్క మీద లేదు, బట్ట మీద ఉంది. మచిలీపట్నం తీరం నుంచి వెళ్లిన పెద్ద పెద్ద అద్దకం దుప్పట్లు, ఐరోపాలో పలంపూర్ అంటారు, మ్యూజియం ఫోటోల్లో ఒకటి పెద్దది చేసుకుని చూడండి. అడుగున గుట్టలా పేర్చిన రాళ్లు, ఆ రాళ్ల సందుల్లోంచి మెలికలు తిరుగుతూ లేచిన ఒకే చెట్టు, ఒకే చెట్టుకి ఒక్కో కొమ్మన ఒక్కో జాతి పువ్వు, మధ్యలో వెదురు, ఎక్కడో ఒక పిట్ట. ఆ రాళ్లూ వెదురూ మన పొలం గట్టు మీద చూసి గీసినవి కావు. కంపెనీవాళ్లు ఓడల్లో నమూనాలు పంపేవాళ్లు, అందులో కొంత పర్షియా, కొంత చైనా, కొంత వాళ్ల సొంత పైత్యం. ఇక్కడ కలం పట్టినవాడు ఎన్నడూ చైనా చూసి ఎరగడు, పంపిన బొమ్మని తన చేతివాటం కొద్దీ దించాడు, చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం ఎక్కించాడు. కొన్న కంపెనీవాడూ అది చైనా వంటిదే అనుకుని తీసుకెళ్లాడు. అక్కడ దానికి ఎంత గిరాకీ వచ్చిందంటే వాళ్ల నేతగాళ్లు గోలపెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండు 1700లో చట్టం చేసింది. అయినా జనం దొంగతనంగా కట్టుకున్నారనుకోండి, అది వేరే కథ.

ఐరోపావాళ్లు స్క్రీన్లతో చేసిన పని వింటే మా వృత్తిలో వాళ్లకి కడుపు మండుతుంది. పన్నెండు రెక్కల దాన్ని రంపంతో కోసి బీరువా తలుపులకీ అద్దాల ఫ్రేములకీ అతికించుకున్నారు. నెదర్లాండ్స్‌లో లేవార్డెన్ రాజభవనంలో ఒక గది గోడలన్నీ ఇలాగే స్క్రీన్లు కోసి తొడిగారు, ఆ గది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియంలో ఉంది. 1688లో ఇంగ్లండులో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు ఈ తరహా పూత పని మీద పుస్తకం రాస్తూ, ఇలా ఎడాపెడా కోసి అతికించడం వల్ల మనుషులూ చెట్లూ తలకిందులైపోతున్నారని వెక్కిరించారు కూడా.

అదే పుస్తకంలో ఇంట్లో చైనా పూతని అనుకరించడం ఎలాగో చెప్పారు. దానికి వాళ్లు వాడమన్నది ఇండియా నుంచి వెళ్లే లక్క, స్పిరిట్‌లో కరిగించి. ఎందుకంటే చైనా పూత లక్క కాదు. అదొక చెట్టు పాలు. జీడిమామిడి కుటుంబం చెట్టు, కోనసీమ ఇసుక మెరకల్లో జీడిపిక్కలు ఒలిచేవాళ్లకి చేతులు పొక్కుతాయి చూడండి, ఆ పాలు పచ్చిగా తగిలినా ఒళ్లు అలాగే పొక్కుతుంది. మన లక్క పురుగు పెట్టేది, ఎటికొప్పాక బొమ్మల మీద మెరిసేది అదే. రెండింటికీ తేడా ఏమిటంటే మన లక్క పాలిష్ మీద స్పిరిట్ పడితే మెత్తబడి ఊడి వస్తుంది, ఆ చెట్టు పాలు తేమగాలిలో ఒకసారి గట్టిపడ్డాయా, మళ్లీ కరగవు. అలాగని ఎవరూ ఇంట్లో స్పిరిట్ దూది పెట్టి పరీక్షలు చెయ్యకండి బాబూ. ఎండకి చచ్చిన పాత పూత అయితే అది ఏదైనా సరే మచ్చ పడుతుంది.

ఇక మన డెల్టాలో నిజంగా ఇళ్లల్లో ఉన్న స్క్రీన్ల సంగతి. వాటిలో నేను చూసినవన్నీ దాదాపు రంగూన్ దారిన వచ్చినవే. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్లు బర్మాకి పనికీ వ్యాపారానికీ తరాల తరబడి వెళ్లారు, 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడటం మొదలయ్యాక చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. ఆ ముందు సంవత్సరాల్లో వచ్చినవాళ్లు టేకు సామానుతో పాటు ఇలాంటివీ తెచ్చారు. రంగూన్‌లో చైనా వడ్రంగులూ ఉండేవాళ్లు, చైనా నుంచి దిగే సరుకూ ఉండేది.

రాజోలు వైపు ఒక ఇంట్లో చూసిన దాని గురించి చెబుతాను. నాలుగు రెక్కలు, నలుపు. మూడే నిలబడి ఉన్నాయి, నాలుగోదాన్ని వంటింటి అటక మీద ఆవకాయ జాడీల కింద బల్లగా వేశారు. ముందువైపు తోటలో ఆడవాళ్లు, మొహాలూ చేతులూ బలపపు రాయితో చెక్కి అతికించినవి, చీరల్లాంటి పొడుగు బట్టలకి అంచులు ముత్యపు చిప్ప. పిల్లలెవరో ఎప్పుడో ఒకావిడ నుదుటికి స్టిక్కర్ బొట్టు పెట్టారు, అది రాలిపోయినా గుండ్రంగా జిగురు మచ్చ ఉండిపోయింది. 1996 నవంబరు తుఫానులో ఆ ఇంటి పెంకులు లేచిపోయి రెండు రోజులు తడిసిందట, అందుకని కింది జానెడు మేర పూత పొలుసులు లేచింది. వెనక్కి తిప్పితే పైన సన్నగా బంగారు రంగుతో వెదురు మోసులు, రెండు పిట్టలు, చేతులు తగిలే చోట అరిగి చెక్క కనిపిస్తోంది. ఒక కొనుగోలుదారు వచ్చి దీన్ని డచ్చి కాలం కోరమాండల్ అని ఒక పెద్ద అంకె చెప్పాడట, మర్నాడు ఇంకొకడొచ్చి నల్ల చెక్క, పుచ్చిపోయింది, మోయించుకుపోతాను చాలు అన్నాడట. రెండూ అబద్ధమే. అది 20వ శతాబ్దంలో అమ్మకం కోసం చేసిన చైనా సరుకు. లక్షలు పలికేది కాదు, పొయ్యిలో పెట్టేదీ కాదు. అతికించిన బొమ్మల పని కోరమాండల్ పని కానే కాదు, అసలు పద్ధతే వేరు.

ఆ పద్ధతి తెలిస్తే వేలితోనే తేడా పట్టొచ్చు. అసలు దానిలో చెక్క మీద మట్టిలాంటి తెల్లటి పొర మందంగా మెత్తుతారు, దాని మీద నల్లటి పూత పొరలు పొరలుగా వేస్తారు, ఆరాక బొమ్మ గీతల్ని వదిలేసి గీతల మధ్య జాగాని కింది తెల్ల పొర దాకా తవ్వేసి ఆ గుంటల్లో రంగులు నింపుతారు. అంటే నల్ల గీత ఎత్తులో ఉంటుంది, రంగు పల్లంలో ఉంటుంది. ఇప్పుడు ఆన్‌లైన్లో వచ్చే ప్రింటు స్క్రీన్ల మీద వేలు రాస్తే గాజు మీద రాసినట్టే ఉంటుంది, పగుళ్లు కూడా ప్రింటువే. కానీ ఇది ఒక్కటే చూసి నిర్ణయించకండి, ఈ తవ్వకం పని చైనాలో 20వ శతాబ్దంలోనూ చేశారు. అందుకే వెనకవైపు చూడాలి. ఎవరూ చూడరు. కొనేవాళ్లంతా ముందు నిలబడి ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. వెనక ప్లైవుడ్డో, చెక్కపొడి నొక్కి చేసే ఎం.డి.ఎఫ్‌వో ఉంటే మాటలు కట్టిపెట్టొచ్చు. అంచుల్లో చెక్క మొన కనిపించే చోట చూడండి, పాతదైతే పగుళ్లు చెక్క నారని బట్టి సాగుతాయి. అరుగుడు కూడా మనిషి చెయ్యి పడే చోట, నేలకి రాసుకునే చోట ఉండాలి, అంతటా సమంగా అరిగిందంటే ఎవరో ఉప్పుకాగితం పెట్టి అరగదీశారు. బందులు చూడండి. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల్లో గానీ రాలేదు, అవి ఉన్నంతమాత్రాన కొత్తది అని కాదు, ఎవరో బందులు మార్చి ఉండొచ్చు, పక్కనే పాత మేకుల బెజ్జాలు పూడ్చినవి ఉన్నాయేమో వెతకాలి. బెజ్జాలు లేవు, స్క్రూలు ప్లస్సు, అయినా మూడొందల ఏళ్లు అంటే ఆ మనిషికి టీ ఇచ్చి పంపించెయ్యండి.

ఇప్పుడు మీ వ్యాసంలో నాకు ఎక్కువ కోపం తెప్పించిన మాట: పాత స్క్రీన్ దొరికితే పీయూ (పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత) పాలిష్ కొట్టించుకుంటే కొత్తదానిలా మెరుస్తుందని. మెరుస్తుంది, ఎందుకు మెరవదు. ముందు ఎమరీ పేపర్ పడుతుంది, దానితో పల్లంలో ఉన్న రంగులూ సన్నటి బంగారు గీతలూ పొడిగా రాలిపోతాయి, లేచిన పొలుసులు ఉన్నవి ఉన్నట్టే ఊడతాయి, ఆ ఖాళీల్లో పుట్టీ పెట్టి నల్ల పెయింట్ వేసి పైన పీయూ కొడతారు. తర్వాత ఏ మ్యూజియం పనివాడొచ్చినా దాన్ని వెనక్కి తీసుకురాలేడు. రాజోలు ఇంటివాళ్లు ఆ పని చేయించబోతుంటే ఆపాను. లేచిన పొలుసుల కింద తోళ్లు కాచి తీసే పాతకాలపు జిగురు పల్చగా పంపించి, పైన కాగితం వేసి, చిన్న బరువు పెట్టి ఉంచాం. ఆ జిగురైతే రేపు ఇంకెవరికైనా నా పని నచ్చకపోతే గోరువెచ్చని నీళ్లతో విప్పుకోవచ్చు, తెల్ల ఫెవికాల్ అయితే ఆ వీలుండదు. జాడీల కింద రెక్కని దింపాం గానీ నూనె ఇంకిన గుండ్రటి మరకలు పోలేదు, వాటి జోలికి వెళ్లలేదు. బొట్టు మచ్చ కూడా వాళ్లమ్మగారు ఉంచెయ్యమన్నారు.

ఇంట్లో పెట్టుకునే చోటు గురించి మీరొక్క ముక్కా రాయలేదు. కిటికీ ఎదురుగా పెడితే ఎండకి ఆ పూత పాలిపోయి మట్టి రంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత నీళ్ల చుక్క పడినా మచ్చే. ఏసీ గాలి సూటిగా తగిలితే చెక్క కుంచించుకుపోయి పూత పగులుతుంది, మన దగ్గర జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో ఉండే తేమకి మళ్లీ ఉబ్బుతుంది, పగలు ఏసీ రాత్రి కిటికీలు తెరవడం అయితే మరీ అన్యాయం. పనమ్మాయి తడిగుడ్డ పెట్టేటప్పుడు స్క్రీన్ కాళ్ల చుట్టూ నీళ్లు నిలుస్తాయి, నేను చూసినవాటిలో చెదల కంటే దీనివల్ల పాడైనవే ఎక్కువ. కాళ్ల కింద అర అంగుళం చెక్కముక్కలు పెట్టండి. దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి, తడి వద్దు, నూనె అసలే వద్దు.

ఇంకొకటి. నిజంగానే మీ దగ్గర వందేళ్లు దాటిన చరిత్ర ఉన్న వస్తువుంటే 1972 నాటి పురావస్తువుల చట్టం దానికి వర్తించవచ్చు. అలాంటివాటి వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి, ప్రైవేటువాళ్లు దేశం దాటించడానికి వీల్లేదు. డచ్చి కాలం నాటిదని గొంతు చించుకునే అమ్మకందారుని ఆ లైసెన్సు చూపించమని అడిగి చూడండి. చాలామంది ఆ క్షణంలోనే దాని వయసు యాభై ఏళ్లకి దించేస్తారు, నేను చూశాను.

నా విన్నపం ఇంతే. స్క్రీన్లు చేసింది చైనాలో అని సవరణ వెయ్యండి, మొన్న వ్యాసం వేసిన పేజీలోనే, లోపలెక్కడో మూలన కాదు. పీయూ పాలిష్ సలహా కూడా వెనక్కి తీసుకోండి. మళ్లీ ఎప్పుడైనా పాత సామాను మీద రాసేటప్పుడు ముందువైపు ఫోటోతో పాటు వెనకవైపుదీ, బందుల దగ్గరదీ ఒక్కో ఫోటో వేయించండి, చదివేవాళ్లకి బేరానికి వెళ్లే ముందు అవే పనికొస్తాయి.

ఇట్లు,
పాత సామాను బాగుచేసే ఒక పాఠకుడు,
పాలకొల్లు